ఇంటి మీటరు - దేశం లెక్క

ఇంటి గోడకు కరెంటు మీటరు ఉంటుంది. అందులో అంకెలు కదులుతూ ఉంటాయి. నెల తిరిగేసరికి బిల్లు వస్తుంది. ఇదివరకు ఆ బిల్లు ఇంకొకరి చేత చదివించుకునేవాళ్ళం. ఇప్పుడు మనమే చదువుతున్నాం. ఎన్ని యూనిట్లు కాలాయో, ఎన్ని రూపాయలు కట్టాలో మనకే తెలుస్తోంది.

ఇంటికి లెక్క ఉన్నట్టే దేశానికీ ఒక లెక్క ఉంది. దేశం మొత్తానికి ఇవాళ ఎంత కరెంటు కావాలి? పదేళ్ళ తర్వాత ఎంత కావాలి? ఈ లెక్క ఎలా వేస్తారు? అందులో మన ఇల్లు ఉందా? మన వంటిల్లు ఉందా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. కరెంటు వడ్ల గాదె కాదు

వడ్లు పండితే గాదెలో పోస్తాం. కావలసినప్పుడు తీసుకుంటాం. కరెంటు అలా కాదు. మనం స్విచ్చి వేసిన క్షణంలోనే అది ఎక్కడో తయారు కావాలి. రామగుండంలోనో, ఇబ్రహీంపట్నంలోనో బొగ్గు మండాలి. శ్రీశైలంలోనో, నాగార్జునసాగర్‌లోనో నీళ్ళు దూకి చక్రాలను తిప్పాలి. లేదా గాలిమర తిరగాలి. లేదా సోలార్ పలకల మీద ఎండ పడాలి. పెద్ద పెద్ద బ్యాటరీలలో కరెంటు దాచడం ఈ మధ్య మొదలైంది. కానీ అలా దాచేది ఇంకా చాలా కొంచెమే.

అందుకే ముందుచూపు కావాలి. బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రం కట్టడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఇవాళ కరెంటు చాలలేదని రేపటికి కట్టలేం.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ అని ఢిల్లీలో ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. అది కొన్నేళ్ళకోసారి సర్వే చేస్తుంది. ముందు ముందు ఏ రాష్ట్రానికి ఎంత కరెంటు కావాలో అంచనా కడుతుంది. అలాంటి సర్వేలలో 20వది 2022లో వచ్చింది.

అంచనా తక్కువైతే ఏమవుతుంది? కోతలు వస్తాయి. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెలకు గంటల తరబడి కరెంటు లేదు. ఫ్యాక్టరీలకు వారంలో కొన్ని రోజులు కరెంటు ఆపేశారు. కూలీలకు పని పోయింది.

అంచనా ఎక్కువైతే ఏమవుతుంది? కట్టిన కేంద్రాలు ఖాళీగా ఉంటాయి. వాటికి తెచ్చిన అప్పు మాత్రం తీర్చాల్సిందే. ఆ భారం తిరిగి తిరిగి మన బిల్లులోకే వస్తుంది.

కాబట్టి ఇది పెద్దవాళ్ళ లెక్క అని వదిలేయడానికి లేదు. తప్పు ఎటు జరిగినా ఆ భారం మన ఇంటికే వస్తుంది.

2. జనం పెరగడమే కారణమా?

"జనం పెరిగిపోయారు. అందుకే కరెంటు చాలడం లేదు" అని చాలామంది అంటారు. "ఆడవాళ్ళు పిల్లల్ని కని దేశం మీద పడేశారు" అని నింద వేసేవాళ్ళూ ఉన్నారు. ఈ మాట ఎంతవరకు నిజం? లెక్క చూద్దాం.

1951లో దేశ జనాభా 36 కోట్లు. 2011 జనగణనలో 121 కోట్లు. ఇప్పుడు 140 కోట్లు దాటింది. అంటే 1951 నుంచి జనం సుమారు నాలుగు రెట్లు అయ్యారు.

ఇప్పుడు కరెంటు లెక్క చూద్దాం. దేశంలో ఏడాదికి కాలిన కరెంటు మొత్తాన్ని జనాభాతో భాగిస్తే మనిషికి ఇంత అని వస్తుంది. దీన్ని తలసరి వాడకం అంటారు. 1947లో తలసరి వాడకం సుమారు 16 యూనిట్లు. 2023-24లో అది దాదాపు 1,400 యూనిట్లు. అంటే 80 రెట్లు దాటింది.

జనం పెరిగింది నాలుగు రెట్లు. తలసరి వాడకం పెరిగింది 80 రెట్ల పైన. రెండింటిలో ఏది పెద్దది? మీరే చెప్పండి.

ఇక్కడ ఒక సంగతి మరిచిపోకూడదు. ఆ 1,400 యూనిట్లు మన ఇంట్లోనే కాలినవి కావు. దేశంలో 100 యూనిట్లు వాడితే సుమారు 41 యూనిట్లు ఫ్యాక్టరీలకు పోతాయి. 26 ఇళ్ళకు పోతాయి. 17 లేక 18 యూనిట్లు పొలం మోటార్లకు పోతాయి. మిగిలినవి దుకాణాలకు, ఆఫీసులకు, రైళ్ళకు, వీధి దీపాలకు పోతాయి. ఇళ్ళ వాటా నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. అంతే.

ఇంకో సంగతి. సగటు అనేది అందరినీ కలిపి పంచిన లెక్క. ఒక ఇంట్లో మూడు ఏసీలు ఉంటాయి. ఇంకో ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉంటాయి. సగటులో రెండిళ్ళూ కలిసిపోతాయి. పెద్ద ఇల్లు ఎంత వాడిందో, చిన్న ఇల్లు ఎంత వాడిందో అందులో కనబడదు.

దేశాల మధ్య కూడా అంతే. అమెరికాలో మనిషికి ఏడాదికి 12,000 యూనిట్ల పైనే వాడతారు. మన వాడకానికి అది ఎనిమిది రెట్ల పైన. జనం మాత్రం అమెరికాలో మనకన్నా చాలా తక్కువ. తలలు ఎన్ని అన్నది ఒక్కటే లెక్క అయితే ఇలా ఉండదు కదా!

మరి కరెంటు అవసరం దేనివల్ల పెరుగుతుంది? ఒక్కొక్కటే చూద్దాం.

3. తలలే కాదు, పొయ్యిలూ లెక్కే

2001 నుంచి 2011 వరకు పదేళ్ళలో దేశంలో జనం 100కు సుమారు 18 మంది చొప్పున పెరిగారు. అదే పదేళ్ళలో కుటుంబాలు 100కు సుమారు 28 చొప్పున పెరిగాయి. 2001లో కుటుంబాలు 19 కోట్లు. 2011లో దాదాపు 25 కోట్లు. మనుషుల కన్నా పొయ్యిలే వేగంగా పెరిగాయన్నమాట.

ఎందుకిలా? ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఇంట్లో పదిమంది ఉన్నారనుకుందాం. అత్త, మామ, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, ఇద్దరు పిల్లలు. అందరికీ ఒకే వంటిల్లు. ఒకే టీవీ. ఒకే ఫ్రిజ్.

కొన్నాళ్ళకు రెండో కొడుకు అదే ఊళ్ళో వేరే ఇల్లు కట్టుకున్నాడు. మూడో కొడుకు పని కోసం పట్నం పోయాడు. ఇప్పుడు మూడు ఇళ్ళు. మూడు వంటిళ్ళు. మూడు టీవీలు. మూడు ఫ్రిజ్‌లు. మనుషులు మాత్రం ఆ పదిమందే.

చిన్న ఫ్రిజ్ రోజుకు ఒక యూనిట్ కాలుస్తుందనుకుందాం. అప్పుడు నెలకు 30 యూనిట్లు. ఇప్పుడు మూడు ఫ్రిజ్‌లకు 90 యూనిట్లు. కొత్తగా ఒక్క బిడ్డ కూడా పుట్టలేదు. అయినా కరెంటు పెరిగింది.

ఆ ఇంటి అత్త, పెద్దకోడలు ఇలా మాట్లాడుకుంటారు.

అత్త: చూశావా అమ్మాయ్! అందరం ఒక్కచోట ఉన్నన్నాళ్ళు ఒకటే బిల్లు. ఇప్పుడు మూడు బిల్లులు. వేరు పడబట్టే కదా ఈ ఖర్చంతా?

కోడలు: ఖర్చు పెరిగిన మాట నిజమే అత్తా. కానీ చిన్న మరిది పట్నం పోకపోతే తినేదేంది? ఇక్కడ ఏడాదికి నాలుగు నెలలేగా పని దొరికేది.

అత్త: వాడు సరే. రెండోవాడు ఊళ్ళోనేగా ఉన్నాడు?

కోడలు: రెండు గదుల్లో పదిమందిమి ఎట్లా పడుకున్నామో మరిచిపోయావా? మామ అరుగు మీద, నువ్వు వసారాలో. దోమలు, ఉక్క. ఇప్పుడు నీకంటూ ఒక మంచం ఉంది, ఒక ఫ్యాను ఉంది.

అత్త: అదీ నిజమేలే. ఫ్యాను లేకపోతే నాకిప్పుడు కునుకే పట్టడం లేదు.

కోడలు: మరి తప్పు ఎవరిదంటావు?

అత్త: తప్పు ఎవరిదీ కాదే. కరెంటు లెక్క వేసేవాళ్ళు తలలు లెక్కపెడితే సరిపోదు. పొయ్యిలు కూడా లెక్కపెట్టాలి.

అత్త చెప్పిన మాట చాలా పెద్ద మాట. కుటుంబాలు చిన్నవైన కొద్దీ సామాన్లు ఎక్కువవుతాయి. ఒకే దీపం కింద పదిమంది కూర్చునే రోజులు పోయాయి. ఇది మన దేశంలోనే కాదు, చాలా దేశాల్లో జరిగింది.

4. పిల్లలు తగ్గారు, అవసరం తగ్గలేదు

ఇక పిల్లల లెక్క చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ఒకటి జరుగుతుంది. 1992-93లో ఆ సర్వే ప్రకారం దేశంలో 100 మంది స్త్రీలకు 340 మంది పిల్లలు. 2019-21 సర్వేలో 100 మంది స్త్రీలకు 200 మంది పిల్లలే. తెలంగాణలో 180 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 170 మంది.

అంటే మన స్త్రీలు పిల్లల్ని తక్కువగానే కంటున్నారు. "ఆడవాళ్ళు కని కని" అన్న నింద ఇప్పుడు చెల్లదు.

అయినా జనాభా ఇంకా ఎందుకు పెరుగుతోంది? దీనికి నారుమడి గుర్తు తెచ్చుకోండి. ఈ ఏడాది నారు తక్కువ పోశాం. కానీ ముందు పోసిన నారు ఇప్పుడు నాటుకు వచ్చింది. అలాగే ఇరవై, ముప్పై ఏళ్ళ కింద పుట్టిన పిల్లలు ఎక్కువ. వాళ్ళకు ఇప్పుడు పెళ్ళీడు వచ్చింది. వాళ్ళు కొత్త ఇళ్ళు పెట్టుకుంటున్నారు. కొత్త మీటర్లు పెట్టించుకుంటున్నారు.

ఇంకో పక్క మన ఆయుష్షు పెరిగింది. 1951 ప్రాంతంలో మనిషి సగటు ఆయుష్షు 32 ఏళ్ళు. ఇప్పుడు 70 ఏళ్ళ దగ్గరకు వచ్చింది. ఇది మంచి మాట. ముసలివాళ్ళు పగలంతా ఇంట్లోనే ఉంటారు. వాళ్ళకు ఎండాకాలం ఫ్యాను కావాలి. షుగరు ఉన్నవాళ్ళు ఇన్సులిన్ మందును చల్లని చోట దాచుకోవాలి. దానికి ఫ్రిజ్ కావాలి. మనుషులు ఎక్కువ కాలం బతికితే వాళ్ళ అవసరాలు కూడా అన్నాళ్ళు ఉంటాయి.

5. చేతి మీది భారం తీగ మీదికి

2001లో దేశంలో 100 ఇళ్ళు తీసుకుంటే 56 ఇళ్ళలోనే కరెంటు దీపం వెలిగేది. 43 ఇళ్ళలో కిరసనాయిలు బుడ్డి. 2011లో కరెంటు దీపం ఉన్న ఇళ్ళు 67 అయ్యాయి. 2019-21 సర్వే నాటికి దాదాపు 97 ఇళ్ళకు కరెంటు వచ్చింది. కరెంటు లేని ఇళ్ళకు కనెక్షన్లు ఇవ్వడానికి 2017లో సౌభాగ్య పథకం మొదలైంది.

బుడ్డి దీపం వెలిగించిన ఇల్లు కరెంటు లెక్కలో లేదు. బల్బు పెట్టగానే లెక్కలోకి ఎక్కింది. దీపం అవసరం మాత్రం అంతకుముందూ ఉంది. అది ఇప్పుడు లెక్కకు వచ్చింది, అంతే.

రోలు సంగతీ ఇంతే. రోట్లో పప్పు రుబ్బితే భుజాలు పడిపోయేవి. ఆ కష్టం ఏ మీటరులోనూ ఎక్కలేదు. మిక్సీ కొనగానే మీటరు కదిలింది. బావిలో నీళ్ళు తోడితే చేతులు కాయలు కాసేవి. ఆ తోడిన బిందెలు ఎవరూ లెక్కపెట్టలేదు. మోటారు పెట్టగానే యూనిట్లు లెక్కకు వచ్చాయి. పని పాతదే. చేతి మీది భారం తీగ మీదికి మారింది.

కట్టెల పొయ్యి కూడా అంతే. కట్టె కూడా శక్తే. కానీ కట్టెల మోపు మోసిన ఆడమనిషి కష్టానికి బిల్లు రాలేదు. పొగకు కళ్ళు మండినా, దగ్గు వచ్చినా లెక్క రాయలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. పొదుపు సంఘాల్లోని పేద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల పథకం మొదలుపెట్టింది. అయినా 2019-21 సర్వేలో 100 ఇళ్ళకు 59 ఇళ్ళలోనే గ్యాసు వంటి పొగలేని వంట ఉంది. మిగతా ఇళ్ళలో ఎక్కువగా కట్టెలు, పిడకలే. మన దేశం వాడే వంట గ్యాసులో సగానికి పైగా బయటి దేశాల నుంచి వస్తుంది. అందుకే ఎన్ని ఇళ్ళు కట్టె వదిలి గ్యాసుకు మారతాయో దేశం ముందే తెలుసుకోవాలి.

ఆడపిల్ల రాత్రి చదువుకోవాలంటే దీపం కావాలి. తల్లి పనికి పోవాలంటే వంట తొందరగా కావాలి. కుట్టు మిషనుకు మోటారు పెడితే నాలుగు జాకెట్లు ఎక్కువ కుట్టవచ్చు. ఇవన్నీ కరెంటు అవసరాలే. ఇవి దుబారా కాదు.

ఆడవాళ్ళ వస్తువులు ఎంత కాలుస్తాయో చూద్దాం. 1,000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. మిక్సీ 500 వాట్లు అనుకుందాం. రోజుకు 10 నిమిషాలు తిప్పితే ఒక యూనిట్ కాలడానికి 12 రోజులు పడుతుంది. ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ కాలుస్తుంది. రాత్రి 8 గంటలు నడిస్తే 8 యూనిట్లు. అంటే ఏసీ ఒక్క రాత్రి కాల్చిన కరెంటుతో మిక్సీ మూడు నెలలు నడుస్తుంది!

6. పట్నం, ఎండ, బోరు

1951లో 100 మందిలో 17 మంది పట్నాల్లో ఉండేవాళ్ళు. 2011లో 31 మంది. పట్నంలో బతుకు కరెంటుతోనే తెల్లారుతుంది. నీళ్ళు మేడ మీదికి ఎక్కాలన్నా మోటారే. మనుషులు ఎక్కాలన్నా లిఫ్టే. వీధి దీపాలు, దుకాణాలు, ఆస్పత్రులు అన్నీ కరెంటు మీదే.

పట్నంలో స్లాబు ఇళ్ళు ఎక్కువ. చెట్లు తక్కువ. పగలంతా కాగిన స్లాబు రాత్రికి ఆవిరి కక్కుతుంది. తాటాకు ఇంట్లో అంత ఉక్క ఉండదు. ఇప్పుడు పల్లెల్లో కూడా స్లాబులే వేస్తున్నాం. ఎండలూ ముదురుతున్నాయి. అందుకే ఫ్యాను, కూలరు, చేతనైనవాళ్ళకు ఏసీ.

దేశమంతా ఒకే సమయంలో ఎక్కువ కరెంటు లాగితే దాన్ని గరిష్ఠ అవసరం అంటారు. 2024 మే 30న అది 2 లక్షల 50 వేల మెగావాట్లకు చేరింది. 1947లో దేశంలో ఉన్న కరెంటు కేంద్రాలన్నీ కలిపితే 1,362 మెగావాట్లే. ఎంత తేడా వచ్చిందో చూడండి. మే నెల మండే ఎండలో ఆ లెక్క వచ్చిందన్నది కూడా గమనించండి.

పగలు అయితే సోలార్ కరెంటు తోడు ఉంటుంది. పొద్దు కుంకితే అది ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే అందరూ ఇళ్ళకు చేరతారు. దీపాలు, ఫ్యాన్లు, టీవీలు ఒక్కసారే వేస్తారు. కరెంటు ఇచ్చేవాళ్ళకు కష్టమైన వేళ ఇదే. ఎంత వాడామన్నదే కాదు, ఏ వేళ వాడామన్నదీ ముఖ్యమే.

పొలం సంగతి కూడా చూడాలి. ఇదివరకు చెరువు నీళ్ళతో సాగు చేసేవాళ్ళు. తర్వాత బోర్లు వచ్చాయి. అయిదు హార్సుపవర్ మోటారు గంటకు నాలుగు యూనిట్ల దాకా కాలుస్తుంది. నీళ్ళు లోతుకు పోయిన కొద్దీ అన్నే నీళ్ళకు కరెంటు ఎక్కువ కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో రైతులకు ఉచిత కరెంటు మొదలైంది. తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగింది. రైతుకు ఉచితమే. కానీ ఆ డబ్బు ప్రభుత్వం కట్టాలి. చెరువు పూడిక తీసి నీళ్ళు నిలిపితే భూమిలో ఊట పెరుగుతుంది. అప్పుడు కరెంటూ మిగులుతుంది. చెరువు పనికీ కరెంటు లెక్కకూ ఇలా సంబంధం ఉంది.

7. పొదుపు ఎక్కడ చెయ్యాలి?

మన దేశంలో పుట్టే కరెంటులో పదిలో ఏడు వంతుల దాకా బొగ్గు నుంచే వస్తుంది. ఒక యూనిట్ తయారు చెయ్యడానికి సుమారు 700 గ్రాముల బొగ్గు మండాలి. కాబట్టి పొదుపు అందరికీ మంచిదే. అయితే పొదుపు అంటే ఆడవాళ్ళు మళ్ళీ రోలు ముందు కూర్చోవడం కాదు. అదే పనిని తక్కువ కరెంటుతో చేసుకోవడం.

పాత గుండు బల్బు 60 వాట్లు. రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. దానికి బదులు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెడితే నెలకు ఒకటిన్నర యూనిట్ కూడా కాలదు. వెలుతురు తగ్గదు. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు ఇచ్చారు.

ఫ్యాను కూడా చూడండి. పాత ఫ్యాను 75 వాట్లు. రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్ల పైన. కొత్త రకం ఫ్యాన్లు 30 వాట్ల దగ్గరే తిరుగుతాయి. వాటికి నెలకు 9 యూనిట్లు చాలు. కొనేటప్పుడు ధర కాస్త ఎక్కువ. బిల్లులో మెల్లగా తిరిగి వస్తుంది.

ఫ్రిజ్, ఫ్యాను, ఏసీ మీద నక్షత్రాల కాగితం అంటించి ఉంటుంది. ప్రభుత్వం 2006లో ఈ పద్ధతి మొదలుపెట్టింది. నక్షత్రాలు ఎక్కువ ఉంటే కరెంటు తక్కువ కాలుతుంది. అయిదు నక్షత్రాలు అన్నిటికన్నా మంచివి. దుకాణానికి పోయినప్పుడు ఆ కాగితం మీరే చదవండి. చదవడం వచ్చాక ఇంకొకరి మాట మీద ఆధారపడనక్కర్లేదు.

8. లెక్కలు రాసేవాళ్ళు వచ్చినప్పుడు

దేశంలో ఇళ్ళు ఎన్ని? దీపం దేనితో వెలుగుతోంది? వంట దేనితో అవుతోంది? ఇవన్నీ జనగణనలో తెలుస్తాయి. జనగణన పదేళ్ళకోసారి జరగాలి. 2021లో జరగాల్సింది కరోనా వల్ల ఆగిపోయింది. దాన్ని 2027 జనగణనగా జరపాలని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. అందులో ముందు ఇళ్ళ లెక్క, తర్వాత మనుషుల లెక్క.

2011 లెక్కల్లో ఇంటింటికీ వచ్చి అడిగారు. దీపానికి ముఖ్యంగా ఏం వాడతారు? వంటకు ముఖ్యంగా ఏం వాడతారు? నీళ్ళు ఎక్కడివి? టీవీ ఉందా? ఫోను ఉందా?

ఇక్కడే ఒక చిక్కు ఉంది. చాలా ఇళ్ళలో గడప దగ్గర నిలబడి జవాబు చెప్పేది మగవాళ్ళు. వంట చేసేది ఆడవాళ్ళు. మూలన గ్యాసు బండ ఉంటుంది. బండ అయిపోతే మళ్ళీ తెప్పించడానికి డబ్బు ఉండదు. నెలలో ఇరవై రోజులు కట్టెల మీదే వంట. అయినా "మాకు గ్యాసు ఉంది" అని చెప్పేస్తారు. లెక్కలో గ్యాసు అని పడుతుంది. ఆ ఇంటి పొగ లెక్కలో ఉండదు. ఆ ఇంటికి ఇంకా ఏం కావాలో ఎవరికీ తెలియదు.

అలాగే ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వేరుగా వెలుగుతుంటే అవి రెండు కుటుంబాలు. ఒకటే అని రాయిస్తే ఒక కుటుంబం లెక్కలో లేకుండా పోతుంది.

కరెంటు అంచనా వేసేవాళ్ళు ఇళ్ళు ఎన్నో తెలుసుకోవాలంటే ఈ లెక్కల వైపే చూస్తారు. లెక్క తప్పితే అంచనా తప్పుతుంది. అంచనా తప్పితే ఏమవుతుందో మొదట్లోనే చదివాం.

కాబట్టి లెక్కలు రాసేవాళ్ళు వచ్చినప్పుడు వంట చేసే మనిషి ముందుకు రావాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. భయపడనక్కర్లేదు. జనగణనలో ఒక ఇంటివాళ్ళు చెప్పిన వివరాలు రహస్యంగా ఉంచాలని 1948 నాటి జనగణన చట్టంలోనే ఉంది.

గ్రామసభలో కూడా అడగవచ్చు. మన ఊళ్ళో మీటరు లేని ఇళ్ళు ఎన్ని? ఏ వేళ కరెంటు పోతోంది? వీధి దీపం ఏ సందులో లేదు? ఈ ప్రశ్నలు ఆడవాళ్ళు అడిగితేనే ఆడవాళ్ళ అవసరాలు కాగితం మీదికి వస్తాయి.

గుర్తుంచుకోండి

కరెంటు అవసరం జనం పెరిగినందువల్లే పెరగలేదు.
కుటుంబాలు చిన్నవై, ఇళ్ళు ఎక్కువయ్యాయి.
చేతి పనులు కరెంటు మీదికి మారాయి.
పట్నాలు, ఎండలు, బోర్లు పెరిగాయి.
స్త్రీల కష్టం తగ్గించే కరెంటు దుబారా కాదు.
ఇంటి లెక్క నిజమైతేనే దేశం లెక్క నిజమవుతుంది.

మాటలు - అర్థాలు

జనాభా: ఒక చోట ఉన్న మొత్తం జనం.
జనగణన: జనాన్ని, ఇళ్ళను లెక్కపెట్టడం.
తలసరి: మనిషికి ఇంత చొప్పున.
అంచనా: ముందుగా వేసే లెక్క.
గరిష్ఠం: అన్నిటికన్నా ఎక్కువ.
దుబారా: అనవసరపు ఖర్చు.

జవాబులు రాయండి

1. కరెంటును వడ్లలాగా ఎందుకు నిలవ చేయలేం?
2. 1947లో తలసరి వాడకం ఎన్ని యూనిట్లు? 2023-24లో ఎన్ని?
3. పదిమంది ఉన్న ఇల్లు మూడు ఇళ్ళయితే కరెంటు ఎందుకు పెరిగింది?
4. పిల్లలు తగ్గినా కొత్త మీటర్లు ఎందుకు పెరుగుతున్నాయి?

లెక్క చేయండి

ఒక ఇంట్లో 60 వాట్ల బల్బులు మూడు ఉన్నాయి. ఒక్కొక్కటి నెలకు 9 యూనిట్లు కాలుస్తుంది. మొత్తం ఎన్ని యూనిట్లు? మూడింటికీ బదులు ఎల్‌ఈడీ బల్బులు పెట్టారు. ఇప్పుడు మూడూ కలిపి నెలకు 4 యూనిట్లు కాలుస్తున్నాయి. ఎన్ని యూనిట్లు మిగిలాయి?

మీ ఇంటి కరెంటు బిల్లు తెచ్చుకోండి. ఈ నెల యూనిట్లు రాయండి. పోయిన నెల యూనిట్లు రాయండి. తేడా ఎంత? ఎందుకు వచ్చింది?

కూర్చుని మాట్లాడుకోండి

మీ అమ్మ చేతితో చేసిన పనుల్లో ఇప్పుడు కరెంటుతో అవుతున్నవి ఏవి? ఇంకా చేతితోనే చేస్తున్నవి ఏవి? వాటిలో ముందుగా ఏ పని భారం తగ్గాలి? ఎందుకు?